ఒక కవి, రెండు భాషలు

విద్యార్థులారా, ఐర్లండు దేశమున ఐరిష్ అను ప్రాచీన భాష గలదు. పాలకుల ఆంగ్లము న్యాయస్థానములను, పాఠశాలలను ఆక్రమించెను. 1845లో ఆరంభమైన మహాక్షామమున ఐరిష్ మాటలాడు పల్లెలే మిక్కిలి నశించెను.

మైకేల్ హార్ట్‌నెట్ 1941లో లిమరిక్ మండలమున జన్మించి, బాల్యమున అవ్వ నోట ఐరిష్ పలుకులు వినెను. ఆంగ్లకవిగా పేరొందిన పిదప, 1975లో 'ఆంగ్లమునకు వీడ్కోలు' అను గ్రంథము ప్రకటించి, ఇక ఐరిష్‌లోనే వ్రాసెదనని నిశ్చయించెను. ఆ భాష చదువువారెంత కొలదిమందియో ఎరుగని వాడా! పదేండ్లకు, 1985లో, 'ఇంచికోర్ హైకూ'తో మరల ఆంగ్లమునకు వచ్చెను. మాట దప్పెననవచ్చును, నేనట్లు తలంపను. ఏలయన 1987లో వెలువడిన 'రెన్ పిట్టల హారము'న తన ఐరిష్ పద్యములను, వాటికి తానే చేసిన ఆంగ్లానువాదములను ఒకచోట కూర్చెను.

ఈ పని సులభమా? పరుల పద్యమును మార్చిన తప్పుపట్టుదురు. తన పద్యమును తాను మార్చుకొన్న అడ్డువాడెవడు? అయినను వ్యాకరణము అడ్డును. తెలుగు వాక్యమున క్రియ సాధారణముగా తుదకు వచ్చును. ఐరిష్‌లో అది ముందే నిలుచును. ఆంగ్లమున కర్తకు వెనుక నడచును. కావున ఐరిష్ పద్యమున తొలుత చెవి సోకిన "ఎగిరెను" అను మాట, ఆంగ్లమున "పిట్ట" అనిన పిదపనే వినబడును. ఆంగ్లము మాత్రమే ఎరిగిన పాఠకునకు ఈ మార్పు కనబడనే కనబడదు.