అవిసె కాడ నుండి లినెన్ నూలు వరకు

అవిసె గింజలను మనలో పెక్కుమంది ఎరుగుదురు. కాని ఆ మొక్క కాడలోని నారయే లినెన్ వస్త్రమగునని ఎరిగినవారు కొలదిమంది. పూలను కూర వండుకొను అవిసె చెట్టు వేరు, ఇది వేరు. ఇది నీలిపూలు పూచు సన్నని పైరు. మన దేశమున దీనిని ముఖ్యముగా గింజల కొరకే పండింతురు. ఆ రకములు పొట్టిగా పెరిగి కొమ్మలు వేయును. నార రకములు సుమారు ఒక మీటరు ఎత్తున నిటారుగా పెరుగును. కొమ్మలు వేయకుండుటకై విత్తనమును ఒత్తుగా చల్లుదురు.

ఈ నారపంటకు ఫ్రాన్సు ఉత్తర తీరము, బెల్జియం పేరుపొందినవి. అచట మార్చి, ఏప్రిల్ నెలలలో విత్తి, సుమారు 100 దినములకు పైరును వేళ్ళతో పెరుకుదురు. కోసినచో నార పొడవు తగ్గును.

పెరికిన కాడలను చేనిలోనే పరతురు. కాడ నడుమనున్న పుల్లకు నార పెక్టిన్ అను జిగురుతో అంటియుండును. మంచు, వాన తడికి పెరుగు సూక్ష్మజీవులు ఆ జిగురును కరగించును. రైతు కష్టఫలము తేలునది ఇచ్చటనే. ఊరుట చాలనిచో నార పుల్లను వదలదు; మించినచో నారయే చివికిపోవును. కావున రైతు కాడలను తిరుగవేయుచు, అప్పుడప్పుడు కొన్నిటిని విరిచి చూచును. పుల్ల విరిగి, నార తెగక విడివడినచో ఊరుట ముగిసినట్లే. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతములలో గోగు కట్టలను ఊరవేయు రైతులకు ఈ జాగ్రత్త క్రొత్తది కాదు.

పూర్వము బెల్జియం, ఫ్రాన్సు సరిహద్దున లిస్ నదిలో అవిసె కట్టలను ముంచి ఊరవేసెడివారు. నీరు చెడిపోవుటచే 20వ శతాబ్దమున ఆ పద్ధతి నిలిచిపోయినది. త్రాగునీటి చెరువులో గోగును ఊరవేయరాదని మేము చెప్పుటకు ఇదియొక నిదర్శనము.

పిమ్మట కాడలను ఎండబెట్టి, నలుగగొట్టి, పుల్లను రాల్చివేయుదురు. నారను ఉక్కు దువ్వెనలతో దువ్వగా పొడవు నార ఒకవైపు, పొట్టి పీచు ఒకవైపు చేరును. పొడవు నారను వేడినీటిలో తడిపి వడికినచో నున్నని సన్ననూలు వచ్చును. పొట్టి పీచు ముతకనూలగును. మన దేశపు మిల్లులు ఐరోపా నారను దిగుమతి చేసికొని వడుకుచున్నవి.

చేనేత సోదరులకు ఒక మాట. లినెన్ నూలు బలమైనదే గాని సాగదు. పొడిగాలిలో పెళుసై తెగును. తడిలో దాని బలము పెరుగును. కనుక పడుగుకు గంజి చక్కగా పట్టించి, మగ్గపు గదిలో చెమ్మ ఆరకుండ చూచుకొనవలెను. చేనిలో నారను విడదీసినది తడియే. మగ్గముపై పోగును కాపాడునదియు తడియే.