ఆరుగురి ఆట నుండి ఇద్దరి ఆటకు

కళాశాల వార్షిక సంచికలో క్రీడలను గూర్చిన వ్యాసమనగా గెలిచిన కప్పుల పట్టిక, ఓడిన పోటీలకు కారణముల పట్టిక ఉండుట పరిపాటి. ఈ వ్యాసమున ఆ రెండును లేవు. గట్టి నేలపై వాలీబాల్ నేర్చిన విద్యార్థి ఇసుకపై అడుగుపెట్టినప్పుడు అతని ఆటలో ఏమేమి మారవలసి యుండునో వివరించుటయే మా ఉద్దేశము. మేము తెలుగు బోధించువారమే గాని వ్యాయామ శిక్షకులము కాము. అయినను నియమావళిని చదివి అర్థము చెప్పుట బోధకుని పనియే గనుక ఈ సాహసమునకు పూనుకొంటిమి.

ఇప్పుడే ఈ ప్రస్తావన ఏల యని కార్యవర్గ సభ్యులు అడుగవచ్చును. మన దేశమున విశ్వవిద్యాలయముల మధ్య జరుగు పోటీలలో బీచ్ వాలీబాల్ ప్రత్యేక క్రీడగా చేరియున్నది. ఆరుగురి ఆటకు మైదానమున ఆరుగురు, పక్కన మరి ఆరుగురు ఉండిననే జట్టు నిండుగా నుండును. మన వంటి చిన్న కళాశాలలో సాయంకాలము ట్యూషనులకు, దుకాణములకు, ఇంటి పనులకు పోగా పన్నెండుగురిని ఒక్కచోట చేర్చుట ఎంత కష్టమో అందరికిని తెలిసినదే. ఇద్దరిని చేర్చుట కష్టము కాదు. నలుగురున్నచో సాధన కూడ జరుగును. ఆరుగురి జట్టులో చోటు దొరకక మూడేండ్లు గట్టుమీద కూర్చుండి పట్టా పుచ్చుకొని వెళ్లిన విద్యార్థులను మేము చూచియున్నాము. వారి వంటి వారికి ఇది రెండవ ద్వారము.

పేరు విషయమై ఒక మాట. బీచ్ అనగా సముద్రతీరము. ఛత్రినాకలో నిలిచి సముద్రతీరపు ఆటను గూర్చి మాటాడుట కొందరికి నవ్వు పుట్టించును. మచిలీపట్నమైనను, బాపట్ల దగ్గరి సూర్యలంకయైనను మనకు మూడువందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము. కాని ఈ ఆటకు కావలసినది ఇసుకయే గాని సముద్రము కాదు. అమెరికా కళాశాలలలో ఈ క్రీడను తొలుత 'ఇసుక వాలీబాల్' అనియే పిలిచిరి. 2015లో గాని 'బీచ్' అను పేరు రాలేదు. ఆ దేశపు నడిబొడ్డున, ఏ సముద్రమును తాకని నెబ్రాస్కా రాష్ట్రపు విశ్వవిద్యాలయము 2013లో ఇసుక జట్టును నెలకొల్పినది. అందు ఆడినవారు ఆ విశ్వవిద్యాలయపు ఆరుగురి ఆట క్రీడాకారిణులే. 2016లో అమెరికా కళాశాలల మహిళా జట్లకు మొదటి జాతీయ ఛాంపియన్‌షిప్ అలబామా రాష్ట్రమున గల్ఫ్ షోర్స్‌లో జరుగగా సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము గెలిచినది. అచ్చట ఒక్కొక్క కళాశాల ఐదు జంటలను దింపును. మూడు జంటలు గెలిచిన కళాశాలకు విజయము. మా విద్యార్థులు ఉర్దూలో 'రేత్‌వాలా వాలీబాల్' అనుచున్నారు. మాకు ఆ మాటయే నిజమునకు దగ్గరగా తోచుచున్నది.

వాలీబాల్ 1895లో అమెరికాలోని హోలియోక్ పట్టణమున విలియం మోర్గన్ కల్పించిన ఆట. 1964లో టోక్యోలో ఒలింపిక్ క్రీడ అయినది. ఇసుకపై ఇద్దరిద్దరు ఆడు రూపమునకు ఆ గౌరవము 1996లో, అట్లాంటాలో లభించినది. ఆసియా క్రీడలలో 1998 నాటి బ్యాంకాక్ పోటీల నుండి ఉన్నది.

తెలుగువారికి ఆరుగురి ఆటలో మంచి పేరే కలదు. 1973లో జి. మాలినీరెడ్డి, 1989లో అబ్దుల్ బాసిత్, 2000లో పి.వి. రమణ, 2002లో రవికాంత్‌రెడ్డి అర్జున పురస్కారమును పొందిరి. ఎ. రమణారావుకు 1990లో ద్రోణాచార్య పురస్కారము లభించినది. రమణ 1986లో సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యము గెలిచిన జట్టు సభ్యులు. నేటి పిల్లలు ఆయనను పి.వి. సింధు తండ్రిగా మాత్రమే ఎరుగుదురు, అది వేరు సంగతి. ఇసుకపైనను మనవారు లేకపోలేదు. పెన్మెత్స కృష్ణంరాజు, తోట నరేశ్‌ల జంట భారతదేశము పక్షమున అంతర్జాతీయ పోటీలలో ఆడినది.

ఇక పాఠమునకు వత్తము.

ఆరుగురి ఆటలో కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. ఇసుక కోర్టు 16 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. చూచుటకు ఇసుక కోర్టు చిన్నది. కాని లెక్క వేసి చూడుడు. మొదటిదానిలో ఒక పక్షపు 81 చదరపు మీటర్లను ఆరుగురు పంచుకొందురు గనుక మనిషికి పదమూడున్నర. రెండవదానిలో 64 చదరపు మీటర్లను ఇద్దరు కాయవలెను గనుక మనిషికి 32. అనగా ఒక్కొక్కరి బాధ్యత రెండింతలకు మించినది. నెట్టు ఎత్తు మాత్రము మారదు: పురుషులకు 2.43 మీటర్లు, స్త్రీలకు 2.24 మీటర్లు. బంతి బరువు 260 నుండి 280 గ్రాములే గాని లోపలి గాలి ఒత్తిడి తక్కువ. అందుచేత బంతి మెత్తగా నుండి గాలికి తేలుచు పోవును. సెట్టుకు 25 పాయింట్లకు బదులు 21, మూడింట రెండు సెట్లు గెలిచినవారికి ఆట, మూడవ సెట్టు 15 పాయింట్లకు. ఎండ, గాలి ఒక్క పక్షమునకే అనుకూలింపకుండ మొదటి రెండు సెట్లలో ప్రతి ఏడు పాయింట్లకు ఒకసారి కోర్టు మారుదురు.

గట్టి నేలపై ఆరితేరినవాడు మొదటి వారమున ఓడిపోవునది ఈ కొలతల వలన కాదు, చేతి అలవాటుల వలన. ఆరుగురి ఆటలో బ్లాకుకు తగిలిన బంతి లెక్కలోనికి రాదు, తరువాత మూడు తాకుళ్లు ఉండును. ఇసుకపై బ్లాకు మొదటి తాకుడు. మిగిలినవి రెండే. ఈ ఒక్క నియమము మరచి మూడవ తాకుడునకు బంతిని నింపాదిగా లేపి పాయింటు పోగొట్టుకొన్న స్మాషర్లు ఎందరో. అట్లే వ్రేళ్లు చాచి బంతిని నెట్టు మీదుగా మెల్లగా జారవిడుచుట, మనవారు డ్రాప్ అని పిలుచు ఉపాయము, ఇసుకపై నిషిద్ధము. ముడిచిన వ్రేళ్ల కణుపులతోనో, అరచేతితోనో కొట్టవలెను. సర్వీసును వ్రేళ్లతో అందుకొన్నచో రెండు చేతులు ఒక్క క్షణమున తాకకున్నను అంపైరు ఈల వేయును. కాబట్టి చాలమంది ముంజేతులతోనే అందుకొందురు. మన లిఫ్టర్లకు వ్రేళ్ల సొగసు మీద మక్కువ ఎక్కువ. వారు కొంతకాలము ఆ మక్కువను కట్టిపెట్టి ముంజేతులతో ఎత్తుట నేర్చుకొనుట మంచిది.

ఎగురుటలోను భేదము కలదు. గట్టి నేలపై స్మాషరు మూడు నాలుగు అంగల పరుగుతో వచ్చి మడమలను నేలకు తన్ని పైకి లేచును. ఇసుకలో మడమ దిగబడును. పరుగు యొక్క బలమంతయు ఇసుక మింగును. అందుచేత అంగలు కుదించి, ఆలస్యముగా బయలుదేరి, నిలువునా ఎగురవలెను. ముందునకు ఎగిరినవాడు బంతి కిందికి పోయి నెట్టును కౌగిలించుకొనును. ఇసుకపై పరుగెత్తుటకు గట్టి నేలపై కంటె సుమారు 1.6 రెట్ల శక్తి వ్యయమగునని శాస్త్రజ్ఞులు కొలిచిరి. కావున మొదటి పక్షమంతయు ఆటగాడు తన శరీరమును తానే అనుమానించును. ఆ అనుమానము సహజము. దానికి మారుగా ఒక లాభము కూడ ఉన్నది. సిమెంటు నేలపై దూకి దూకి మోకాలి చిప్ప కింది నరము నొప్పి తెచ్చుకొన్నవారికి ఇసుక దెబ్బను తగ్గించును. అయితే చీలమండలను, పిక్కలను బలపరచుకొనకుండ దిగినవారికి అచ్చట కొత్త నొప్పులు రాగలవు.

వీటన్నిటిని మించిన పాఠము వేరొకటి. ఆరుగురి ఆటలో బలహీనతను దాచవచ్చును. 1998 నుండి లిబరో అను ప్రత్యేక రక్షకుడు వచ్చిన పిమ్మట పొడవైన బ్లాకరు వెనుకవరుసకు పోవుటయే అరుదైనది. సర్వీసు అందుకొనుట అతనికి రాకున్నను జట్టు నడచిపోవును. ఇసుకపై మార్పిడి ఆటగాడు లేడు. ఇద్దరిలో ఎవరు బలహీనులో ఎదుటి జంట పది నిమిషములలో కనిపెట్టి ప్రతి సర్వీసును వానిపైనే వేయును. అందుకొన్నవాడే స్మాషు చేయవలసి వచ్చుటచే వాడే అలయును, వాడే తప్పులు చేయును. ఆ స్థితిలో రెండవవాడు ఏమి చేయవలెను? కోపముతో చూచుట వలన ప్రయోజనము లేదు. తాను నిలుచు చోటును కొంత జరిపి, జతగాని వాటాలో కొంత తాను పుచ్చుకొని, బంతిని వానికి సులువుగా ఎత్తి, ఎదుటి కోర్టులో ఎచ్చట ఖాళీ ఉన్నదో కేక వేసి చెప్పవలెను. స్మాషు చేయువాని కన్ను బంతిపై ఉండును, ఎదుటి కోర్టు వానికి కనబడదు. రెండవవాని నోరే వాని కన్ను. నెట్టు దగ్గర నిలిచినవాడు వీపు వెనుక వ్రేళ్లతో సంజ్ఞ చేయుట మీరు చిత్రములలో చూచియుందురు. ఒక వ్రేలు చూపినచో గీత వెంబడి బంతిని తాను అడ్డగింతుననియు, రెండు చూపినచో అడ్డముగా వచ్చుదానిని అడ్డగింతుననియు అర్థము. మిగిలిన చోటు జతగానిది.

ఈ సందర్భమున విద్యార్థులు తరచుగా కార్చ్ కిరాలీ పేరెత్తుదురు. ఆయన 1984లోను, 1988లోను ఆరుగురి ఆటలో ఒలింపిక్ స్వర్ణము, 1996లో కెంట్ స్టెఫ్స్‌తో కలిసి ఇసుకపై స్వర్ణము గెలిచెను. రెండింటను గెలిచినవాడు ఆయన యొక్కడే. కాని ఆయనను చూపి ఒక ఆట వచ్చినచో రెండవది తానై వచ్చుననుట సరికాదు. కిరాలీ బాలుడుగా తండ్రితో కలిసి కాలిఫోర్నియా ఇసుకపైనే ఆట నేర్చెను. ఆయన చేసినది వలస కాదు, పుట్టింటికి తిరిగి వచ్చుట. మనవారికి ఆ పుట్టిల్లు లేదు. అయినను మరియొక మేలు కలదు. మన బస్తీ విద్యార్థులను 'ఇండోర్' ఆటగాండ్రు అనుట మాటవరుసకే. పైకప్పు కింద ఆడినవారు బహు కొద్దిమంది. మట్టి నేలపై, ఎదురెండలో, దుమ్ము లేపు గాలిలో ఆడిన కండ్లకు తేలిపోవు బంతి కొత్త కాదు. నగరపు మంచి హాలులో శిక్షణ పొందినవాని కంటె ఈ విషయమున వీరు ఒక అడుగు ముందున్నారని మా అభిప్రాయము.

విద్యార్థినుల విషయము మెల్లగా దాటవేయుట మాకు ఇష్టము లేదు. ఈ ఆట పేరు చెప్పగనే తలిదండ్రులు మొదట అడుగునది దుస్తులను గూర్చియే. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానము కూడ ఉన్నది. 2012లో, లండన్ ఒలింపిక్స్‌కు ముందు, అంతర్జాతీయ సమాఖ్య నియమమును సడలించి చేతులుగల చొక్కాను, మోకాలి దాక వచ్చు నిక్కరును అనుమతించినది. 2016లో రియో ఒలింపిక్స్‌లో ఈజిప్టు క్రీడాకారిణి దోఆ అల్ ఘొబాషీ హిజాబు ధరించి, పొడవు చేతుల చొక్కాతో, కాళ్లు నిండుగా కప్పు దుస్తులతో నదా మీవాద్‌తో జతగా ఆడినది. మన బస్తీల నుండి ఎందరో ఉద్యోగములకు వెళ్లిన ఖతర్ దేశపు జంట, షెరీఫ్ యూనుస్, అహ్మద్ తీజాన్, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో పురుషుల కాంస్యము గెలిచినది. పోటీకి పేరు పంపుటకు ముందే నిర్వాహకుల నుండి దుస్తుల నియమమును వ్రాతమూలకముగా తెచ్చుకొనుట, సాధన వేళను, స్థలమును తలిదండ్రులకు తెలియజేయుట మన వంతు. ఆ మాత్రము చేయకుండ 'మా అమ్మాయిలు ముందుకు రారు' అని వేదికలపై విచారించుట తగదు.

కార్యవర్గమునకు కావలసినది ఇసుక లెక్క. కోర్టు 16 మీటర్లకు 8. చుట్టును కనీసము మూడేసి మీటర్ల ఖాళీ కలిపినచో 22 మీటర్లకు 14, అనగా 308 చదరపు మీటర్లు. ఇసుక లోతు 40 సెంటీమీటర్లు ఉండవలెను. మొత్తము సుమారు 123 ఘనపు మీటర్లు. తూకమున ఇంచుమించు 200 టన్నులు, పది టన్నుల టిప్పర్లు ఇరువది. ఇది చిన్న మొత్తము కాదని మాకును తెలియును. ఖర్చు తగ్గునని రోబో ఇసుకను తెప్పింపవద్దు. రాతిని పిండి చేసిన ఆ ఇసుక రేణువులకు కోణములుండి చర్మమును గీరును, దుమ్ము లేచి ఊపిరికి అడ్డుపడును. కడిగి జల్లించిన నది ఇసుకయే కావలెను. అడుగున కంకర పరచి వాననీరు పోవుటకు దారి చేయనిచో ఆషాఢమునకు అది కోర్టు కాదు, కుంట. రాత్రులందు పిల్లులు, కుక్కలు మైల చేయకుండ టార్పాలిన్ కప్పవలెను. ఉదయమున గాజుపెంకులకై దంతెతో ఒకసారి దువ్వవలెను. వేసవిలో పది గంటలు దాటిన తరువాత ఇసుక అరికాలిని కాల్చును. కనుక ఫజ్ర్ నమాజు పిమ్మట ఏడున్నర వరకు సాధన సరిపోవును. రంజాను మాసమున ఆ వేళను కూడ తగ్గింపవలెను.

అంత ఇసుక ఈ యేడు సమకూరనిచో, ముందుగా సర్వీసు అందుకొనుటకు, ఎగురుటకు చాలునంత, ఆరు మీటర్ల చతురస్రము మాత్రము పోయించి సాధన ఆరంభింపవచ్చును. దానికి ఇసుక 15 ఘనపు మీటర్లు దాటదు. గీతలకు ఐదు సెంటీమీటర్ల వెడల్పు గల రిబ్బను చాలును. స్తంభములు, నెట్టు పాతవే పనికివచ్చును. బంతి మాత్రము కొత్తది కొనవలెను. పాత బంతిలో గాలి తగ్గించినంత మాత్రమున అది ఇసుక బంతి కాదు.