లాకులు, గట్లు, ఇరుకు పడవలు



ఈ ఏటి పాఠానికి మేము కాలువను ఎంచుకున్నాము. మనం ఉండే ఈ మిడ్‌లాండ్స్ ప్రాంతంలో ఎటు నడిచినా ఒక కాలువ తగులుతుంది. బర్మింగ్‌హామ్‌లో వెనిస్‌లోకంటే ఎక్కువ మైళ్ళ కాలువలు ఉన్నాయని ఇక్కడివారు గొప్పగా చెప్పుకుంటారు. వెనిస్ వారిని ఎవరూ అడిగినట్టు లేదు. అయినా మనలో చాలామందికి ఆ నీళ్ళు బాతులకు గింజలు వేసే చోటు మాత్రమే.

ముందు ఒక మాట నేర్చుకుందాం: లాకు. తలుపుకు వేసే తాళం కాదు. కాలువలో పడవను పైకి ఎక్కించడానికి, కిందికి దించడానికి కట్టిన నీటి గది. ఇది ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటే అయినా గోదావరి, కృష్ణా డెల్టాల్లో నూట యాభై ఏళ్ళకు పైగా తెలుగు మాటగానే చెలామణి అవుతోంది. "లాకుల దగ్గర దిగు", "లాకుల మీదుగా రా" అని మన తాతలు అన్నారంటే వారికి అది ఇంగ్లీషని తోచను కూడా తోచలేదు.

ఇంగ్లండులో కాలువల కాలం 1761లో మొదలైందని చెప్పవచ్చు. ఆ ఏడు వర్స్‌లీ బొగ్గు గనుల నుంచి మాంచెస్టర్ వైపు బ్రిడ్జ్‌వాటర్ కాలువ మీద పడవలు నడిచాయి. మాంచెస్టర్‌లో బొగ్గు ధర సగానికి పడిపోయింది. కారణం తేలికే. బండికి కట్టిన గుర్రం ఒకటి రెండు టన్నులు లాగితే గొప్ప. అదే గుర్రం గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగితే పాతిక టన్నులు కదులుతాయి. ఆ కాలువ పనిలో ముఖ్యుడైన జేమ్స్ బ్రిండ్లీ తరువాత తవ్వించిన కాలువల్లో లాకుల వెడల్పు సుమారు 7 అడుగులే పెట్టాడు. ఇరుకైతే తవ్వకం తక్కువ, నీటి ఖర్చూ తక్కువ. అందుకే ఈ పడవలు 6 అడుగుల 10 అంగుళాల వెడల్పు, 70 అడుగుల దాకా పొడవుతో రైలు పెట్టెలాగా ఉంటాయి. వాటి పేరే న్యారోబోట్, మన మాటల్లో ఇరుకు పడవ.

లాకు పని చేసే తీరు చూడాలంటే వారిక్ దగ్గరి హాటన్‌కు వెళ్ళాలి. అక్కడ రెండు మైళ్ళలోపే వరుసగా 21 లాకులు ఉన్నాయి. లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కు 137 మైళ్ళు పోయే గ్రాండ్ యూనియన్ కాలువ అక్కడ కొండ ఎక్కుతుంది. ఈ లాకులు తరువాతి కాలంలో వెడల్పు చేసినవి, రెండు ఇరుకు పడవలు పక్కపక్కన పడతాయి. పైకి వెళ్ళే పడవ ఖాళీ గదిలోకి వస్తుంది. వెనక తలుపులు మూస్తారు. ఎల్ అక్షరంలా వంగిన ఇనుప పిడితో ఎగువనున్న తూములు తెరుస్తారు. నీరు చేరుతుంది, పడవ లేస్తుంది. లోపలి నీరు, ఎగువ నీరు ఒక మట్టానికి వచ్చాక ముందు తలుపులు తెరుస్తారు. అంతే, మోటారు లేదు, కరెంటు లేదు.

మేము పెద్ద తరగతి పిల్లలను అక్కడికి తీసుకెళ్ళినప్పుడు ఇద్దరు తండ్రులు కలిసి తలుపు దూలాన్ని వీపుతో నెట్టారు. కదలలేదు. మట్టం ఇంకా జానెడు తేడా ఉంది. రెండు నిమిషాలాగాక ఎనిమిదేళ్ళ పాప నెడితే మెల్లగా కదిలింది. తలుపులు రెండూ ఎగువవైపుకు మొన తిరిగి కలుస్తాయి కనుక నీటి బరువే వాటిని బిగించి ఉంచుతుంది. ఇక్కడ బలం కాదు, ఓపిక కావాలి. కిందికి దిగేటప్పుడు మాత్రం ఒక ప్రమాదముంది. ఎగువ తలుపుల కింద రాతి గడప ఒకటి ముందుకు ఉంటుంది. నీరు తగ్గేకొద్దీ పడవ వెనక భాగం దాని మీద చిక్కుకుంటే పడవ ముందుకు ఒరిగి మునిగిపోతుంది. గడప ఎక్కడిదాకా ఉందో చెప్పే తెల్ల గీత లాకు గోడ మీద ఉంటుంది, పడవను ఆ గీతకు ముందే ఉంచాలి.

రైళ్ళు వచ్చాక కాలువలకు కష్టకాలం వచ్చింది. కూలి గిట్టక పడవవాళ్ళు ఇల్లు వదిలి భార్యాపిల్లలతో పడవలోకే మారారు. సరుకు పోగా మిగిలే గది పది అడుగులు కూడా లేదు. మంచం మడిస్తే అలమర, అలమర తలుపు దించితే భోజనాల బల్ల. పిల్లలు గుర్రాన్ని నడిపేవారు, లాకులు తీసేవారు. ఒకచోట నిలవని బతుకులో బడి ఎక్కడ? 1877లో, 1884లో చట్టాలు వచ్చినా చాలామంది చదువు రాకుండానే పెద్దవారయ్యారు. వారు పడవల మీద వేసుకున్న గులాబీలు, కోటల బొమ్మలు మాత్రం ఇప్పటికీ అందంగా కనిపిస్తాయి. ఆ బొమ్మల వెనక ఉన్న ఇరుకు గదిని కూడా పిల్లలు తెలుసుకోవాలని మా ఉద్దేశం.

1948లో చాలా కాలువలు ప్రభుత్వపరమయ్యాయి. 1962-63 చలికాలంలో నీళ్ళు వారాల తరబడి గడ్డకట్టడంతో మిగిలిన సరుకు రవాణా కూడా దాదాపు ఆగిపోయింది. అక్కడితో కథ ముగియవలసింది. కానీ ఎల్.టి.సి. రోల్ట్ తన పడవ ప్రయాణం గురించి 1944లో రాసిన 'న్యారో బోట్' చదివి జనం కదిలారు. 1946లో కాలువల పరిరక్షణకు ఒక సంఘం పుట్టింది. హాటన్‌కు దగ్గరలోనే ఉన్న స్ట్రాట్‌ఫర్డ్ కాలువ దక్షిణ భాగాన్ని మూసేయాలని 1950ల చివర్లో అధికారులు చూశారు. వాడుకలో లేదన్నది వారి వాదన. చిన్న తెడ్డు పడవలో వెళ్ళిన ఇద్దరి దగ్గర తేదీ వేసిన సుంకం చీటీ బయటపడింది. వాడుకలో ఉన్నట్టే కదా! తరువాత వాలంటీర్లు, సైనికులు, ఖైదీలు కూడా కలిసి బురద తోడి 1964లో దాన్ని మళ్ళీ తెరిచారు. సరుకు పోయిన చోటికి సెలవుల పడవలు వచ్చాయి. 2012 నుంచి ఇంగ్లండు, వేల్సులలో సుమారు 2,000 మైళ్ళ జలమార్గాలను ఒక ధర్మసంస్థ చూస్తోంది.

పడవే ఇల్లుగా ఉండేవారూ ఉన్నారు. శాశ్వతమైన రేవు లేనివారు 1995 చట్టం ప్రకారం ఒకేచోట 14 రోజులకు మించి ఆగకూడదు. నీళ్ళ ట్యాంకు నింపుకోవాలి, మరుగుదొడ్డి డబ్బా ఖాళీ చేసుకోవాలి, పొయ్యికి బొగ్గు తెచ్చుకోవాలి. ఫొటోల్లో కనిపించేంత తీరిక జీవితం కాదు.

సెలవులకు అద్దె పడవ తీసుకోవడం తేలిక. లైసెన్సు అక్కరలేదు, యజమానులే నేర్పుతారు. గంటకు 4 మైళ్ళు మించకూడదు. ఎదురుగా పడవ వస్తే కుడివైపుకు తప్పుకోవాలి, రోడ్డు మీద అలవాటు ఇక్కడ పనికిరాదు. చుక్కాని పిడిని ఎడమకు నెడితే పడవ కుడికి తిరుగుతుంది. లాకుకు పావుగంట పడుతుందని లెక్క వేసుకోండి. పడవ గోడకు తగలబోతే చేతులూ కాళ్ళూ అడ్డం పెట్టకండి. పిల్లలకు లైఫ్‌జాకెట్ తప్పనిసరి. చిన్న పొయ్యి మీద పెద్ద వంటలు కుదరవు కనుక పులిహోర, పెరుగన్నం, ఆవకాయ చాలు.

ఇక మన సంగతి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ కాలువలను పొలాలకు నీటి కోసమే అనుకోలేదు. పడవలూ నడవాలన్నాడు. రైలుకంటే పడవే చవక అని జీవితాంతం వాదించాడు. అందుకే ధవళేశ్వరం, బొబ్బర్లంక, విజ్జేశ్వరంలో లాకులున్నాయి. ఆత్రేయపురం పూతరేకులు తిన్నవారు పక్కనే లొల్ల లాకులు చూసే ఉంటారు. పి.గన్నవరంలో కాలువ వంతెనెక్కి నదిని దాటుతుంది. వేల్సులో 1805లో కట్టిన పాంట్‌కసల్తె కాలువ వంతెన 126 అడుగుల ఎత్తున ఇదే పని చేస్తోంది. కాకినాడ నుంచి బయలుదేరిన పడవ డెల్టా కాలువల్లో పెదగంజాం చేరి, అక్కడినుంచి బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు దాకా పోయేది. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గెడ. అదీ కుదరకపోతే గట్టు మీద మనుషులే తాడు భుజాన వేసుకుని లాగేవారు. ఇక్కడ గుర్రం చేసిన పని అక్కడ మనిషి చేశాడు.

ఇప్పుడు ఆ డెల్టా కాలువల్లో నీరు పారుతూనే ఉంది. సరుకు పడవలు లేవు, వాటి మీద తిరిగినవారు కొద్దిమందే మిగిలారు. కాటన్ 1899లో డోర్కింగ్‌లో చనిపోయాడు. సమాధి అక్కడే ఉంది, లండన్ నుంచి రైలులో వెళ్ళి రావచ్చు.

పిల్లలకు పని: ఈ ఆదివారం అమ్మమ్మకో, నాయనమ్మకో, తాతయ్యకో ఫోను చేయండి. పడవ ఎప్పుడైనా ఎక్కారా, ఏ రేవులో ఎక్కి ఎక్కడ దిగారు, లాకు దగ్గర ఎంతసేపు ఆగారు అని అడగండి. సరంగు, గెడ, తెడ్డు, లంగరు, లస్కరు అనే మాటల్లో వారికి ఏవి తెలుసో రాసుకోండి. మీ కుటుంబం తెలంగాణ నుంచో, రాయలసీమ నుంచో వస్తే చెరువు, తూము, పుట్టి గురించి అడగండి. వారు చెప్పింది చెప్పినట్టే, వారి యాసలోనే, ఒక పేజీ రాసి తరగతికి తీసుకురండి.