తేదీ ఒక రోజు వెనక్కి ఎందుకు పోయింది?

విద్యార్థులారా! మన దేశంలో ఒక అమ్మాయి 2012 సెప్టెంబరు 1న పుట్టిందనుకుందాం. ఆ తేదీని కంప్యూటరులో నమోదు చేశారు. తర్వాత జాబితా తీస్తే ఆగస్టు 31 అని వచ్చింది! బడిలో చేరడానికో, పరీక్ష రాయడానికో వయసు లెక్కించేటప్పుడు ఈ ఒక్క రోజు తేడాయే చిక్కు తెచ్చిపెట్టవచ్చు. తేదీ ఎలా మారింది?

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు. మన దేశ ప్రామాణిక కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఇది మన కాకినాడకు సమీపంగా పోతుంది. 82.5ను 15తో భాగించండి. 5.5 వస్తుంది. అందుకే గ్రీనిచ్‌ను ఆధారం చేసుకున్న సార్వత్రిక కాలం కన్నా మన గడియారం 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది.

చాలా కంప్యూటర్లు కాలాన్ని సెకన్లలో లెక్కిస్తాయి. సార్వత్రిక కాలం ప్రకారం 1970 జనవరి 1 మొదలైన క్షణమే వాటికి సున్న. ఆ క్షణాన మన దేశంలో ఉదయం 5:30 గంటలు. న్యూయార్కులోనో, ఇంకా 1969 డిసెంబరు 31, రాత్రి 7 గంటలే! క్షణం ఒక్కటే, తేదీలు రెండు, సంవత్సరాలూ రెండు.

ఇప్పుడు చిక్కు విడిపోతుంది. ప్రోగ్రాము ఆ పుట్టినతేదీని మన దేశపు అర్ధరాత్రి 12 గంటలుగా తీసుకుని, సెకన్లలోకి మార్చి దాచింది. సార్వత్రిక కాలంలో అది ఆగస్టు 31 సాయంత్రం 6:30. జాబితా తీసేటప్పుడు ఆ సెకన్లను మన కాలంలోకి తిరిగి మార్చకుండానే తేదీని అచ్చువేసింది. సెకన్ల లెక్క తప్పలేదు, పద్ధతే తప్పింది.

పోనీ, ఎప్పుడూ ఒకే సంఖ్య కలిపితే సరిపోతుందా? అదీ చాలదు. దేశాలు తమ కాలాన్ని మార్చుకుంటూ ఉంటాయి. పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దేశం దినరేఖకు అవతలి వైపు లెక్కలోకి మారినప్పుడు, 2011 డిసెంబరు 29 తర్వాత నేరుగా 31 వచ్చింది. అక్కడ 30వ తేదీయే లేదు! అందుకే ఇలాంటి మార్పులన్నిటినీ కంప్యూటర్లు ఒక పట్టికలో ఉంచుకుంటాయి.

కనుక రెండు సూత్రాలు గుర్తుంచుకోండి. సందేశం పంపిన వేళ వంటి క్షణాన్ని సార్వత్రిక కాలంలో దాచి, చూపేటప్పుడు ఆయా ప్రాంతపు కాలంలోకి మార్చాలి. పుట్టినతేదీ అలాంటి క్షణం కాదు. దాన్ని రోజు, నెల, సంవత్సరంగా ఉన్నదున్నట్టు ఉంచాలి.

ఇక మీరు చేయండి: హైదరాబాదులో జనవరి 26 తెల్లవారుజాము 3 గంటలు. చలికాలంలో న్యూయార్కు సార్వత్రిక కాలానికి 5 గంటలు వెనుక ఉంటుంది. అక్కడ అప్పుడు ఏ తేదీ? ఎన్ని గంటలు?