రక్తంలో రాగి కట్టుబడి ఉంటేనే క్షేమం

నర్సంపేట, పరకాల వైపు మిరప వేసిన రైతులకు కాపర్ ఆక్సీక్లోరైడ్ తెలియనిది కాదు. అందులో ఉండేది రాగి. అదే రాగి మన రక్తంలోనూ ఉంది. కాకపోతే శరీరం దాన్ని విడిగా తిరగనివ్వదు.

పెద్దవారి ఒంట్లో ఉండే రాగి మొత్తం 100 మిల్లీగ్రాములకు అటూ ఇటూ. రోజుకు 2 మిల్లీగ్రాముల లోపే చాలు. నువ్వులు, పల్లీలు, పప్పులు, కార్జం తింటే అందుతుంది. పేగులు పీల్చుకున్న రాగిని రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పట్టుకొని కాలేయానికి చేరుస్తుంది. అక్కడ తయారయ్యే సెరులోప్లాస్మిన్ అనే ఇంకో ప్రోటీన్ ఒక్కో అణువులో ఆరేసి రాగి పరమాణువులను బిగించుకుంటుంది. 1948లో స్వీడన్ శాస్త్రజ్ఞులు హోంబర్గ్, లారెల్ దీన్ని వేరుచేసి చూస్తే నీలంగా ఉంది, మన మైలుతుత్తం లాగే! రక్తరసంలోని రాగిలో ఎక్కువ పాలు ఇందులోనే ఉంటుంది.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటారా? విడి రాగి ఎర్ర రక్తకణాలను చిట్లిస్తుంది, కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పట్టి ఉంచే ప్రోటీన్లకూ ఒక హద్దుంది. మైలుతుత్తం కడుపులోకి పోతే ఆ హద్దు దాటుతుంది. కాబట్టి దాన్ని వంటింట్లో, పిల్లలకు అందేచోట పెట్టకండి. పొరపాటున ఎవరైనా మింగితే ఉప్పునీళ్లు తాగించి కక్కించే పని చేయొద్దు. ప్యాకెట్ వెంట పట్టుకొని వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

రాగి తక్కువైనా చిక్కే. ఇనుము సరిగ్గా ఒంటికి పట్టాలంటే సెరులోప్లాస్మిన్ సాయం కావాలి. అందుకే కొందరికి ఇనుము మాత్రలు వాడినా రక్తహీనత తగ్గదు. అలాంటివారు డాక్టరుకు చూపించుకోవాలి. నేల సంగతి కూడా ఇందులో ఉంది. మాలిబ్డినం ఎక్కువున్న జొన్న తిన్నవారికి మూత్రంలో రాగి ఎక్కువగా పోతున్నదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన దేవస్థలే, గోపాలన్ 1974లో చూపారు. అట్లాగని జొన్నరొట్టె మానేయక్కర్లేదు, పప్పు, నువ్వులు కలిపి తినండి.

గొర్రెలు ఉన్నవారు మరింత జాగ్రత్త పడాలి. గొర్రె కాలేయం రాగిని కూడబెట్టుకుంటుందే గానీ త్వరగా బయటకు పంపలేదు. ఆవులు, బర్రెల కోసం చేసిన ఖనిజ లవణ మిశ్రమం నెలల తరబడి పెడితే, పోగైన రాగి ఒకనాడు ఒక్కసారిగా రక్తంలోకి దిగుతుంది. మూత్రం ఎర్రగా పోసి జీవం చనిపోతుంది. రాగి మందు కొట్టిన చేను గట్ల మీద మేపొద్దు. గిట్టల జబ్బుకు మైలుతుత్తం నీళ్లలో నడిపించేటట్లయితే ముందే కడుపునిండా మంచినీళ్లు తాగించండి. మిగిలిన నీళ్లు కుంటలోకి వదలొద్దు, చేపలు చస్తాయి.