“హార్డ్ క్యాష్” అనగా నేమి?

మొన్న తొమ్మిదవ తరగతిలో ఆంగ్లపాఠము చెప్పుచుండగా “హార్డ్ క్యాష్” అను మాట వచ్చినది. దాని యర్థమేమని యడిగితిమి. ఒక విద్యార్థి తడుముకొనక “కష్టార్జితము” అని బదులు చెప్పెను. తరగతి యంతయు ఔనని తల యూచినది. ఇది నవ్వదగిన పొరపాటు కాదు. హార్డ్ అనగా కష్టమని చిన్నతనముననే నేర్చుకొన్నారు గదా! కాని యిచ్చట ఆ మాటకు గట్టిది యని యర్థము.

కాగితపు నోట్లు వాడుకలోనికి వచ్చిన పిదప, చేతికి గట్టిగా తగులు లోహపు నాణెములను వానినుండి వేరుపరచి చెప్పుటకు ఆంగ్లమున ఈ విశేషణము చేరినది. కాలక్రమమున నోట్లును అందే కలిసిపోయినవి. నేడు చేతితో లెక్కించి యియ్యదగిన నోట్లును నాణెములును మాత్రమే హార్డ్ క్యాష్. చెక్కు కాదు, అప్పు కాదు, ఫోనుద్వారా పంపిన సొమ్మును కాదు. నొక్కి చెప్పదలచినచో “కోల్డ్ హార్డ్ క్యాష్” అందురు. దీనిని “చల్లని గట్టి డబ్బు” అని తెనిగించినచో అర్థమే చెడును. మన యిండ్లలో పెద్దలు “రొక్కము” అనుచున్నారే, అదియే సరియైన మాట. “మాటలు వద్దు, రొక్కము చేతిలో పెట్టుము” అన్నప్పటి బిగువు ఆ పలుకుబడిలోను గలదు.

అయితే ఇది సంభాషణలోని మాట. బ్యాంకునకు గాని కార్యాలయమునకు గాని జాబు వ్రాయునపుడు “ఇన్ క్యాష్” అనిన చాలును. ఈ యర్థమున క్యాష్‌కు ముందు “ఎ” చేర్చరాదు; బహువచనమును లేదు.

క్యాష్ అను పదము పెట్టె యను నర్థముగల ఫ్రెంచి, ఇటాలియను మాటలనుండి వచ్చినది. పెట్టె పేరే లోపలి డబ్బునకు వచ్చెనన్నమాట! కాని ఈ తమిళనాట నున్న మనము మఱియొక క్యాష్‌ను మఱువరాదు. అది కాసు. తమిళుల కాసు పోర్చుగీసువారి నోటబడి ఆంగ్లమున క్యాష్ అయినది. 1818కి పూర్వము చెన్నపట్టణమున ఈస్టిండియా కంపెనీ లెక్కలో 80 క్యాష్‌లు ఒక ఫణము, 42 ఫణములు ఒక వరహా. 1808 ప్రాంతపు వెండి పావువరహాపై తమిళముతోపాటు తెలుగక్షరములును గలవు.

మీ యిండ్లలో పాత నాణెములున్నచో పెద్దల యనుమతితో తెచ్చి చూపుడు. ఆ యక్షరములను కలిసి చదువుదము.