ఎండ కాస్తుండగానే పడవ వెనక్కి ఎందుకు తిరిగింది?

పిల్లలూ! నా దగ్గర పదో తరగతి చదివి, ఇప్పుడు అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న ఒక విద్యార్థి పోయిన వేసవిలో నాకు ఫోన్ చేశాడు. వాడి గొంతులో కాస్త కోపం ఉంది.

"మాస్టారూ! బోలెడు డబ్బు పోసి ఒక గైడును, పడవను మాట్లాడుకుని సముద్రంలో చేపల వేటకు వెళ్ళాను. పదకొండు గంటలకు నెత్తిమీద ఎండ ఫెళ్ళున కాస్తోంది. చేపలు అప్పుడే కనిపించడం మొదలుపెట్టాయి. గైడు ఉత్తరం వైపు ఒక్కసారి చూశాడు. గాలం చుట్టేయమని చెప్పి పడవ తిప్పేశాడు. ఒక్క ఉరుమైనా ఉరమలేదు! ఇదేం న్యాయం?" అన్నాడు.

"న్యాయం సంగతి తరవాత. నువ్వు ఎనిమిదో తరగతిలో నేర్చుకున్న సైన్సు ఏమైంది?" అన్నాను. ఆ రోజు వాడికి చెప్పిన పాఠమే ఇప్పుడు మీకూ చెబుతాను.

ఈక బరువున్న ఎర

ఫ్లోరిడా ద్వీపకల్పం దక్షిణపు కొసనుంచి పూసల దండలా కొన్ని చిన్న దీవులు సముద్రంలోకి సాగి ఉంటాయి. వాటిని ఫ్లోరిడా కీస్ అంటారు. ఈ దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య ఫ్లోరిడా అఖాతం ఉంది. అఖాతం అనగానే అగాధం అనుకునేరు! చాలాచోట్ల లోతు ఒక మీటరుకు అటూ ఇటూ మాత్రమే. అడుగున తెల్లని ఒండు, పచ్చని సముద్రపు గడ్డి. ఈ పల్చని నీటిలోకి టార్పన్ అనే పెద్ద చేపలు వస్తాయి. ఒంటినిండా వెండి బిళ్ళల్లాంటి పొలుసులు. 100 కిలోలు దాటేవీ, 50 ఏళ్ళకు పైగా బతికేవీ వీటిలో ఉన్నాయి. వీటి దగ్గరి బంధువు ఒకటి మన బంగాళాఖాతం తీరంలోనూ, నదీముఖాల్లోనూ ఉంది.

ఈ చేపను పట్టడానికి అక్కడివారు ఫ్లై ఫిషింగ్ అనే పద్ధతి వాడతారు. మన చెరువుగట్టున గాలం వేసేటప్పుడు ఎర బరువో, సీసపు గుండు బరువో దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగులో ఎర అంటే కొక్కేనికి చుట్టిన నాలుగు ఈకలు, కాస్త బొచ్చు. ఈకను విసిరితే ఎంత దూరం పోతుంది? అందుకే ఇక్కడ బరువు దారానికే పెడతారు. పెద్ద టార్పన్‌కు వాడే దారంలో మొదటి 9 మీటర్ల బరువు సుమారు 25 గ్రాములు. గాలపు కర్రను వెనక్కీ ముందుకీ ఊపితే దారం మెలికలా తిరిగి ముందుకు సాగుతుంది. బండివాడు చర్నాకోల ఝళిపించడం చూశారు కదా! చేతి దగ్గర పుట్టిన ఊపు కొసదాకా ప్రయాణిస్తుంది. ఇదీ అంతే.

అయితే గాలి పెరిగితే ఈ విద్య పనిచేయదు. గాలి వేగం రెట్టింపయితే దారం మీద పడే బలం దాదాపు నాలుగు రెట్లవుతుంది.

చేపను ముందు చూడాలి

ఇక్కడ గాలం వేసి కూర్చుంటే కుదరదు. ముందు చేపను కంటితో చూడాలి. గైడు పడవ వెనకవైపు, ఇంజను మీద కట్టిన చిన్న మంచె ఎక్కి నిలబడి, పొడవాటి గడతో పడవను చప్పుడు లేకుండా నెడతాడు. అతిథి ముందువైపు నిలబడతాడు. పడవ ముక్కును గడియారంలో 12 అంకె అనుకుంటారు. "10 గంటల వైపు, 60 అడుగులు!" అని గైడు అంటే ఎడమకు కాస్త తిరిగి అక్కడ ఎర వేయాలన్నమాట.

మరి నీటిలోని చేప కనబడాలంటే మూడు సంగతులు తెలియాలి.

మొదటిది, వక్రీభవనం. నీటినుంచి గాలిలోకి వచ్చే కాంతికిరణం వంగుతుంది. అందువల్ల ఒక మీటరు లోతున ఉన్న చేప నిట్టనిలువుగా చూస్తే 75 సెంటీమీటర్ల లోతునే ఉన్నట్లు కనిపిస్తుంది. ఏటవాలుగా చూస్తే ఇంకా పైకి వచ్చినట్లుంటుంది. ఇంట్లో ఇలా చేసి చూడండి. గిన్నె అడుగున రూపాయి బిళ్ళ వేసి, అది గిన్నె అంచు చాటున మాయమయ్యేదాకా మీరు వెనక్కి జరగండి. ఇప్పుడు తమ్ముణ్ణో చెల్లెల్నో మెల్లగా నీళ్ళు పొయ్యమనండి. కదలని బిళ్ళ పైకి తేలి కనిపిస్తుంది!

రెండోది, ధ్రువణం. నీటి ఉపరితలం మీద పరావర్తనం చెందిన కాంతిలో కంపనాలు ఎక్కువగా అడ్డంగా ఉంటాయి. ఈ విషయంలోని సూత్రాన్ని 1815లో బ్రూస్టర్ తెలిపాడు. నిలువు కంపనాలను మాత్రమే పోనిచ్చే అద్దాలు పెట్టుకుంటే ఆ తళుకు చాలావరకు ఆగిపోయి అడుగు కనిపిస్తుంది. ఇటువంటి పలకను చవకగా చేసే పద్ధతికి ఎడ్విన్ లాండ్ 1929లో పేటెంటు కోరాడు. పోలరాయిడ్ కళ్ళద్దాలు అలా వచ్చినవే.

మూడోది, ఎండ. సూర్యుడు బాగా పైకి వస్తేనే కాంతి నీటి అడుగుదాకా దిగుతుంది. మబ్బు కమ్మితే తెల్లటి ఆకాశం నీటిమీద ప్రతిఫలించి, నీరు సున్నం కొట్టిన గోడలా అయిపోతుంది. ఎంత పెద్ద చేపైనా కనబడదు.

అంటే ఉదయం ఎండ ముదిరేకొద్దీ వేట బాగుంటుంది. కాని ఆ ఎండే ఇంకొక పని కూడా చేస్తోంది. చూడండి.

ఎండే మబ్బును కడుతుంది

ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడెక్కించాలంటే ఒక కాలరీ ఉష్ణం కావాలి. ఒక గ్రాము పొడి ఇసుకకు 0.2 కాలరీ చాలు. అందుకే పగలు నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నిదానిస్తుంది. నేలమీది వేడిగాలి తేలికై పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి సముద్రపు గాలి వస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం పిల్లలకు ఈ గాలి బాగా ఎరుకే.

ఫ్లోరిడాలో ఒక విశేషముంది. అది ద్వీపకల్పం. తూర్పున అట్లాంటిక్ నుంచి ఒక గాలి, పడమట మెక్సికో సింధుశాఖ నుంచి మరొక గాలి వస్తాయి. రెండూ నేలమీద ఎదురుపడితే తేమగాలి ఎటు పోవాలి? పైకే! పైకి పోయినకొద్దీ చల్లబడి ఆవిరి నీటి బిందువులవుతుంది. ప్రతి గ్రాము ఆవిరీ 540 కాలరీలకు పైగా గుప్తోష్ణాన్ని వదులుతుంది. ఆ వేడికి గాలి మరింత పైకి లేస్తుంది. అరగంట క్రితం దూదిపింజలా ఉన్న మబ్బు 12 కిలోమీటర్లు దాటిన బురుజవుతుంది. ఇదే క్యుములోనింబస్, ఉరుముల మబ్బు.

"మరి వాతావరణ శాఖవాళ్ళు ముందే చెప్పలేరా?" అని మీరడగవచ్చు. ఎసరు పెట్టిన గిన్నెను చూడండి. నీళ్ళు మరుగుతాయని మీకు ఖాయంగా తెలుసు. మొదటి బుడగ గిన్నెలో ఏ చోట లేస్తుందో చెప్పగలరా? వేసవి ఉరుముల మబ్బు కొద్ది కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది. పుట్టి, పెరిగి, కురిసి పోవడానికి చాలావాటికి గంట సరిపోతుంది. "ఈరోజు ఉరుములకు అవకాశం సగానికి సగం" అని చెప్పవచ్చు. ఏ మడుగు మీద పడుతుందో పొద్దున్నే చెప్పలేం. పైగా ప్రధాన భూభాగంలో ఉరుములు ఎక్కువగా మధ్యాహ్నం వేళ వస్తే, నీరు చుట్టుముట్టిన దీవుల దగ్గర ఆ వేళాపాళా కూడా లేదు. తెల్లవారుజామున సముద్రం మీదనుంచీ రావచ్చు.

నేడు గైడు చేతి ఫోనులో రాడార్ బొమ్మ ఉంటుంది. అయినా అతడు ఆకాశాన్ని చూడడం మానడు. మబ్బు అడుగు నల్లబడడం, తల గోపురంలా ఎదగడం, ఆ తల దాగలిలా పక్కకు పరుచుకోవడం, ఉక్కగా ఉన్నచోట ఉన్నట్టుండి చల్లగాలి కొట్టడం గుర్తులు. ఆ చల్లగాలి వాన పంపిన కబురు. వానచినుకులు ఆవిరవుతూ చల్లార్చిన బరువైన గాలి కిందికి దిగి, నీటిమీద నలువైపులా పాకి, వానకంటే ముందుగా వస్తుంది.

మూడు నిమిషాల లెక్క

ఇప్పుడు మా వాడి పడవ దగ్గరికి వద్దాం. రేవు తూర్పున 18 కి.మీ. దూరంలో ఉంది. మబ్బుల వరుస ఉత్తరాన తూర్పు పడమరలుగా కట్టి, దక్షిణానికి దిగుతోంది. అంటే ఇంటిదారి అంతటి మీదికీ ఒకేసారి వస్తుంది. ఒకవేళ గైడు ఉరుము వినబడేదాకా ఆగాడనుకుందాం.

మెరుపు కనబడగానే లెక్కపెట్టడం మొదలుపెట్టాలి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే కిలోమీటరుకు 3 సెకన్లు. ఉరుము 27 సెకన్లకు వినిపిస్తే ఆ పిడుగు 9 కి.మీ. దూరంలో పడినట్టు.

మబ్బు గంటకు 20 కి.మీ. వేగంతో వస్తే 9 కి.మీ. రావడానికి 27 నిమిషాలు. పడవ గంటకు 45 కి.మీ. వేగంతో పోతే 18 కి.మీ. దాటడానికి 24 నిమిషాలు. మిగిలేది 3 నిమిషాలు!

ఆ మూడైనా నిజంగా మిగులుతాయా? పోటు తీసి పాటు వచ్చిందనుకోండి, ఒండు మెరకలు బయటపడతాయి. తిన్నగా పోవలసిన పడవ వంకర కాలువలు పట్టుకుని మెల్లగా పోవాలి. అన్నిటికంటే ముఖ్యం, పిడుగు మబ్బు కిందే పడాలని లేదు. వాన కురిసే చోటునుంచి 15 కి.మీ. అవతల, ఎండ కాసేచోట కూడా పడవచ్చు. 27 సెకన్లు లెక్కపెట్టినప్పుడే మా వాడు పిడుగు అందుకోగల దూరంలో ఉన్నాడన్నమాట. ఉరుము వినబడిందంటే ప్రమాదం వస్తుందని కాదు, వచ్చేసిందని.

ఇంకా చూడండి. చదునైన నీటిమీద అన్నిటికంటే ఎత్తైనది ఏది? పడవలో నిలబడ్డ మనిషి. అతడి చేతిలో 2.7 మీటర్ల గాలపు కర్ర. పూర్వం ఈ కర్రలు వెదురుతో చేసేవారు. 1970ల నుంచి కార్బన్ పోగులతో చేస్తున్నారు. కార్బన్ విద్యుద్వాహకం! అమెరికాలో 2006 నుంచి పిడుగుపాటు మరణాలను వరుసగా పరిశీలించినప్పుడు, సరదా కోసం చేసే పనులన్నిటిలోకీ చేపల వేటలోనే ఎక్కువమంది పోయినట్టు తేలింది. వాళ్ళలో చాలామందికి మబ్బు కనబడే ఉంటుంది. "ఇంకొక్క చేప" అనుకుని ఉంటారు.

ఆ గైడుకు అమెరికా కోస్ట్ గార్డు లైసెన్సు ఉంటుంది. అతిథి ప్రాణం అతడి పూచీ. చేపను చూపడం అతడి పనిలో సగమే. మిగతా సగం, చేప కనబడుతున్నా వెనక్కి తిరగడం.

మనకేం సంబంధం?

ఫ్లోరిడా మాట అటుంచండి. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదయ్యాయి. మన దగ్గర పిడుగు సరదాకు వెళ్ళినవాళ్ళ మీదకంటే పొలంలో, చేపల చెరువుల మీద, మేకల వెంట ఉన్నవాళ్ళ మీద పడుతుంది.

నేను ఏడో తరగతిలో ఉండగా మా ఊళ్ళో వేసవి సెలవుల్లో వాన వచ్చింది. నా పక్క బల్లమీద కూర్చునే స్నేహితుడు తడవకుండా చింతచెట్టు కిందికి పరుగెత్తాడు. జూన్‌లో బడి తెరిచేసరికి ఆ చోటు ఖాళీ. చెట్టు కిందికి వెళ్ళకూడదని మాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఏటా ఈ పాఠం రెండుసార్లు చెబుతాను.

గుర్తుంచుకోండి. ఉరుము వినబడగానే పక్కా ఇంట్లోకో, తలుపులు మూసిన కారులోకో, బస్సులోకో వెళ్ళాలి. ఒంటరి చెట్టు, కరెంటు స్తంభం, పొలంలోని పాక రక్షణ కావు. చెరువులో ఉంటే వెంటనే గట్టెక్కాలి. పడవలో చిక్కుకుంటే గడ, గాలం కింద పెట్టి, చేతులు నీటిలో ముంచకుండా, పడవలో వీలైనంత కిందికి కూర్చోవాలి. చివరి ఉరుము తరవాత 30 నిమిషాలు ఆగాలి. పిడుగు దెబ్బ తిన్నవారి ఒంట్లో కరెంటు ఉండిపోదు. వారిని తాకవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేసి, ఊపిరి ఆగితే గుండె నొక్కే ప్రథమ చికిత్స మొదలుపెట్టాలి.

ఇదంతా విని మా వాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత, "మాస్టారూ, రేవులో పడవ కడుతుండగా ఉరుము వినబడింది. అప్పుడు నేను లెక్కపెట్టలేదు. గైడు లెక్కపెట్టాడు. పద్దెనిమిది అన్నాడు" అన్నాడు.

పద్దెనిమిది సెకన్లంటే ఎన్ని కిలోమీటర్లో మీరు చెప్పండి.

మీరే ఆలోచించండి

1. రాత్రివేళ గాలి నేలమీదనుంచి సముద్రంమీదికి వీస్తుంది. ఎందుకు?

2. సముద్రపు నీటిలో 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 7.4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 30 డిగ్రీల దగ్గర 6.2 మాత్రమే. టార్పన్ నీటిపైకి వచ్చి గాలి మింగుతుంది. వేసవిలో ఈ అలవాటు దానికి ఎలా ఉపయోగం?

3. ఫ్లోరిడాలో 2013 నుంచి టార్పన్‌ను పట్టినా తిరిగి వదిలేయాలి. 40 అంగుళాలు దాటినదాన్ని నీటినుంచి పైకి ఎత్తకూడదు. పై ప్రశ్నకు జవాబు తెలిస్తే, ఎండాకాలంలో చేపను ఎక్కువసేపు లాగి అలసిపోనివ్వడం ఎందుకు తప్పో రాయండి.

4. ఈ వేసవిలో ఉరుములు వచ్చినప్పుడు ఇంట్లో కూర్చుని మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. ప్రతి అయిదు నిమిషాలకు ఒకసారి రాసుకోండి. మబ్బు మీ ఊరివైపు వస్తోందా, పోతోందా?